బదులుకి ఎవరూ రాని చేను

ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి ఆడవాళ్ళు నన్ను చీపురు తిరగేసి కొడతారు, కొట్టినా అందులో తప్పేమీ లేదు. మాచర్ల నుంచి నల్లమల వైపు ఆటోలో ముప్పావు గంట పోతే వస్తుంది. ఊరి వెనక రాళ్ళగుట్ట, గుట్ట కింద ఎర్రనేలలు, ఆ నేలల్లో పత్తి, కంది, నీళ్ళున్న చోట మిరప. కంది సాళ్ళ మధ్యన, బయటికి కనపడకుండా, కొందరు ఇంకోటి కూడా వేసేవాళ్ళు. ఆ ఇంకోటి మాన్పించడమే నా ఉద్యోగం.

గంజాయి అనగానే అందరూ ఏజెన్సీ కొండల వైపు చెయ్యి చూపిస్తారు. ఇక్కడ అంత లేదు, అసలు లేదనడానికీ లేదు. ఎవడో ఒకడు విత్తనం తెచ్చి చేతిలో పెడతాడు, పంట రాగానే గుమ్మం ముందుకే వచ్చి పట్టుకుపోతాడు. మిరపకి పురుగు బెంగ, పత్తికి వాన బెంగ, కందికి రేటు బెంగ. దీనికి పోలీసు బెంగ ఒక్కటే. నేను పనిచేసే సొసైటీ, అదే స్వచ్ఛంద సంస్థ, చానా చిన్నది. పోలీసులూ వ్యవసాయ శాఖవాళ్ళూ ఊరికొచ్చి మైకులో చెప్పిపోయాక, మర్నాటి నుంచి రోజూ పోయి రైతుల అరుగుల మీద కూర్చునేది నాలాంటివాళ్ళం. మునగ వెయ్యండి, నిమ్మ వెయ్యండి, గొర్రెల్ని పెంచుకోండి అని చెప్పాలి. మొక్కలు తెప్పించాలి, దగ్గరుండి నాటించాలి.

చెప్పడం నాకు బాగా వచ్చు. నోరెక్కువ నాకు. మా అమ్మ అంది, నర్సరావుపేట హాస్టల్లో వార్డెన్ అంది, నన్ను చూసుకోవడానికొచ్చిన రెండు సంబంధాల వాళ్ళూ అన్నారు. పెళ్ళి కుదరలేదని చుట్టాలు అంటారుగానీ కుదరనివ్వంది నేనే. నలభై ఆరేళ్ళొచ్చాయి. మాచర్లలో మేడ మీద ఒక్క గది. ఒక్కదానికి అన్నం వండుకోవడం ఎంత చిరాకో వండుకునేవాళ్ళకే తెలుసు. గుప్పెడు బియ్యం పోస్తే అడుగంటుతాయి, రెండు గుప్పెళ్ళు పోస్తే మర్నాడు కూడా అదే తినాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చి తలుపేసుకుంటే మళ్ళీ సోమవారం ఆటోవాడితో మాట్లాడిందాకా నా గొంతు నాకే వినపడదు. ఇంత నోరు పెట్టుకుని ఏం లాభం?

ఆ ఊళ్ళో నాతో ముందు మాట్లాడింది ఒక్కావిడే. నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని అక్కా అనేదాన్ని. మొగుడు పోయి ఆరేళ్ళు. ఒక్కతే కూతురు, కృష్ణానది అవతలి ఊరికి ఇచ్చారు. గవర్నమెంటు ఇచ్చిన ఎకరంన్నర పట్టా ఉంది, గుట్ట పక్కనే. ఆ ఎకరంన్నరలో కంది మధ్యన నాలుగైదు సాళ్ళు గంజాయి వేసింది. దాచలేదు నా దగ్గర. మొదటిరోజే మునగ సంగతి ఎత్తితే చేటలో కందులు చెరుగుతూ, తలెత్తకుండా, మునక్కాయలు ఎన్ని తింటే కడుపు నిండుద్దో నువ్వే చెప్పమ్మా అంది. అక్కడికి నా వాగుడు ఆగిపోయింది. నా వాగుడు ఆపినవాళ్ళు మా వంశంలో లేరు.

డిసెంబరులో పోలీసులు మళ్ళీ మీటింగు పెట్టారు. ఎవరికి వాళ్ళు పీకేసి, తహసీల్దారు ఆఫీసుకొచ్చి బాండు మీద సంతకం పెడితే ఇప్పటికి కేసు లేదు. ఆ తర్వాత ఒక్క మొక్క కనపడినా కేసు, గవర్నమెంటు ఇచ్చిన పట్టా రద్దు. అదీ వాళ్ళు చెప్పింది. జనం విన్నారు, కండువాలు దులుపుకుని లేచిపోయారు. పీకడానికి ఒక్కళ్ళూ ముందుకు రాలేదు. నాలుగు రోజుల తర్వాత అక్క నన్ను చేలోకి తీసుకుపోయి గట్టు మీద కూర్చోబెట్టింది.

"సంతకం పెడితే నా పట్టా నాకుంటదా?" అనడిగింది.

ఉంటదన్నాను.

"ఊరంతా ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు అయిపోతా. నువ్వుంటావా?"

ఉంటానన్నాను. వెంటనే అన్నాను, ఆలోచించి కూడా కాదు. నోరు నాది, అనడానికేం పోయింది.

మర్నాడు ఇద్దరం కలిసి పీకాం. నా ఎత్తు మొక్కలు, గింజ పట్టి జిగురుగా ఉన్నాయి, చేతులకి అంటుకుంటే సబ్బుకి కూడా పోలేదు. రెవెన్యూ ఉద్యోగి ఒకాయన వచ్చి కుప్పతో సహా అక్కని నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు, నాశనం చెయ్యండి అని చెప్పి బండెక్కి పోయాడు. అక్క అగ్గిపెట్టె తెచ్చింది. అక్కడ నేను చేసిన పని చెప్తాను, వినండి. ఆవిడ చేతిలో అగ్గిపెట్టె లాక్కున్నాను.

మాకు ట్రైనింగుల్లో పదేళ్ళుగా ఒకటే పాట. పొలంలో ఏదీ కాల్చొద్దు, పొలంలో పుట్టింది పొలానికే పోవాలి. పత్తి కట్టె కాల్చొద్దని, వరిగడ్డి కాల్చొద్దని ఎన్ని ఊళ్ళలో అరిచానో లెక్కలేదు. అదే పాట ఇక్కడా పాడాను. పెంటదిబ్బలో వెయ్యి, వానలకి బంగారంలాంటి ఎరువవుద్ది, మునగ పాదులకి పనికొస్తుంది అన్నాను. అక్క అనుమానంగా చూసింది. గింజ ముదిరింది చెల్లే, మొలుస్తదేమో అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మట్టిలో ఉన్న మనిషి అనుమానపడితే ఆగాలి గదా? నేనాగలేదు. పెంటలో మాగితే గింజేంది, ఇనుపగుండు కూడా కరిగిపోద్ది అన్నాను. చదువుకున్నదాన్ని గదా అని ఆవిడ ఊరుకుంది.

పెంట మాగాలంటే తడి కావాలి, మధ్యమధ్యన తిరగెయ్యాలి. ఎండాకాలం ఆ ఊళ్ళో తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరస పెడతారు. పెంటకి నీళ్ళెవరు పోస్తారు? ఈ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. ఆ క్షణాన గుర్తు రాలేదు, పాట మాత్రం గుర్తొచ్చింది.

సంతకం అయింది. ఊరు మారిపోయింది.

మా వైపు బదులని ఒక పద్ధతి ఉంది. ఇవాళ నీ చేలోకి నేనొస్తా, రేపు నా చేలోకి నువ్వు రావాలి, కూలీ ఇచ్చేది లేదు పుచ్చుకునేది లేదు. కూలికి మనుషుల్ని పెట్టుకోలేని వాళ్ళంతా అట్టాగే కలుపులు తీసుకుంటారు, మిరపకాయలు కోసుకుంటారు. అక్కకి ఎనిమిది మంది బదులు జట్టు ఉండేది. తోటికోడలు, అంటే మరిది పెళ్ళాం, ఆ జట్టుకి పెద్ద. సంక్రాంతి ముందు అక్క తోటికోడలి చేలో మూడు రోజులు మిరపకాయ కోసి వచ్చింది. ఆ తర్వాత కంది కోతకి తన వంతు వచ్చింది. సద్ది కట్టుకుని పొద్దున్నే చేలో నిలబడింది. ఒక్కళ్ళు రాలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. అంటే దెబ్బలాడవచ్చు. అక్క ఎదురొస్తే చీరకొంగు సర్దుకుని పక్కకి తిరిగేవాళ్ళు, అంతే. పోలీసులకి దారి చూపించింది అదేనని ఊళ్ళో అనుకున్నారు. ఒకళ్ళు సంతకం పెట్టాక మిగతావాళ్ళ మీద కళ్ళు పడ్డాయి మరి, కొంతమంది పీక్కోక తప్పలేదు, కొంతమంది ఏం చేసుకున్నారో నాకు తెలియదు. శివరాత్రికి ఊరి నుంచి కోటప్పకొండ తిరునాళ్ళకి రెండు ట్రాక్టర్లు పోయాయి. ఏటా మరిది ట్రాక్టరులో అక్కది ముందు చోటు. ఈసారి ఎక్కమని పిలిచినవాళ్ళు లేరు. వాకిట్లో నిలబడి ట్రాక్టర్లు పోయిందాకా చూసి లోపలికి వచ్చింది. ఇది ఆవిడ చెప్పలేదు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను, చూశాను.

కంది కోతకి నేను పోయాను. కొడవలి పట్టుకోవడం రాదు నాకు. మాది బడిపంతులు ఇల్లు, చేలంటే బస్సు కిటికీలోంచి చూసినవే. నాలుగు కోతలకి వేలు తెగింది. అక్క కొంగు చింపి కట్టు కట్టి, నువ్వు మోపులు కట్టు తల్లీ, నీ వేళ్ళకి కట్లు కట్టడమే నాకు పనయ్యేట్టుంది అంది. మోపు కడితే అది రెండడుగులు వెయ్యకముందే ఊడిపోయింది. ఆ వేళ ఆవిడ నవ్వింది చూడండి, కళ్ళలో నీళ్ళొచ్చిందాకా నవ్వింది. ఆ నవ్వు కోసం నేను మర్నాడూ పోయాను. ఆదివారాలు కూడా చర్చి అయ్యాక అక్కడికే పోయేదాన్ని. ఇంత జొన్నరొట్టె, ఎండుమిరప పచ్చడి, గట్టు మీద ఇద్దరం. నేను అక్కకి సాయం చేస్తున్నానని సొసైటీలో అనుకునేవాళ్ళు. ఎవరు ఎవరికి సాయమో నాకు తెలుసు. ఆ నాలుగు నెలలూ కుక్కర్లో అన్నం అడుగంటిన రోజులు చానా తక్కువ.

జూన్ చివర మొదటి వానకి మునగ వేశాం. పాదు పాదుకీ రెండు గంపల పెంట, దాని మధ్యన మొక్క. నాటడానికి సొసైటీ నుంచి మనుషుల్ని పంపించారు, ఫోటోలకి సొసైటీ నడిపే మా సారు కూడా వచ్చాడు. మంచివాడే ఆయన, ప్రాజెక్టు అంటే ప్రాణం. జూలై నడుమకి మొక్కలు మోకాలెత్తు లేచాయి. ఆ ఎర్రనేల మీద పచ్చగా వరసలు వరసలుగా ఉంటే, నా చేతులతో చేసినట్టు నాకు గర్వం. మా ఇంట్లో తులసికుండీ పెట్టినా బతకదు, నేను తోటమాలినైపోయాను.

వారం రోజులు ముసురు పట్టింది. ముసురు వదిలాక పోయాను. అక్క పాదు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పాదుల నిండా బుల్లి మొలకలు. గోగు మొలకలు అనుకున్నాను, రంపం అంచు ఆకులు గదా. కలుపు బాగా లేచిందక్కా అన్నాను. ఆవిడ ఒక మొలక పీకి నా అరచేతిలో పెట్టింది. నలిపి వాసన చూశాను.

గంజాయే. సాళ్ళ వెంట నడుచుకుంటూ పోయాను. ఒక పాదు కాదు, రెండు పాదులు కాదు. పెంట పడిన ప్రతి చోటా, గుట్ట దాకా, చాప పరిచినట్టు. ఆవిడ బాండు రాసి ఇచ్చిన నేల మీద, ఒక్క మొక్క కనపడినా పట్టా పోతుందన్న నేల మీద, నా మాట విని పోసిన పెంటలోంచి.

తప్పు నాదక్కా అన్నాను. వేసింది నేనే గదా, నీదేముంది, పీకుదాం పట్టు అంది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లు నాకు అలవాటే.

పీకడం మొదలుపెట్టాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి పీకితే ఇద్దరికీ కలిపి ఏడెనిమిది సాళ్ళు తెమిలేవి. గంపకెత్తి గొయ్యి తీసి పూడ్చేవాళ్ళం. నాలుగో రోజుకి చూస్తే మొదటి రోజు పీకిన చోట మళ్ళీ మొలకలు. మొదటి వానకి పైనున్న గింజలు, తర్వాతి వానకి లోపలున్నవి. పదిమంది దిగితే రెండు రోజుల పని. ఆ పదిమందీ అదే ఊళ్ళో ఉన్నారు, పక్క చేలో పత్తి కలుపు తీస్తూ వాళ్ళ మాటలు మాకు వినపడుతూనే ఉన్నాయి. అక్క ఒకసారి నడుము ఎత్తి వాళ్ళ వైపు చూసి, మళ్ళీ వంగింది.

అప్పుడే కబురొచ్చింది. శుక్రవారం డ్రోను తిప్పుతారట, బాండు రాసిన పొలాలన్నీ పోలీసులు వచ్చి చూస్తారట. ఆ రోజు సోమవారం.

ఎస్సై దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్దామన్నాను. గంజాయి దానంతటదే మొలిచిందంటే ఎవరు నమ్ముతారు చెల్లే, నమ్మితే మీ సొసైటీ సంతకం చూసి నమ్మాలి అంది అక్క. మాచర్ల వచ్చి సారుకి ఫోను చేసి మొత్తం చెప్పాను, పెంటలో వెయ్యమన్నది నేనేనని కూడా చెప్పాను. సొసైటీ తరఫున ఒక లెటర్ రాసివ్వండి, నేనే స్టేషనుకి తీసుకుపోతా అన్నాను. బుధవారం నర్సరావుపేటలో పెద్ద మీటింగు ఉంది, కలెక్టరుగారు వస్తున్నారు, మన మునగ తోటే మొదటి ఫోటో, అది అయిపోనీ, గురువారం లెటర్ ఇప్పిస్తా అన్నాడు. ఇప్పుడు రాతలో పెడితే ప్రాజెక్టే పోతుందమ్మా అన్నాడు. ఇవ్వడని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ సరేనన్నాను.

మంగళవారం అక్కతో చెప్పాను. రేపు మాచర్ల నుంచి ఆరుగురు కూలి మనుషుల్ని ఆటోలో తెస్తా, నేనూ వస్తా, రెండు రోజుల్లో చేను కడిగిన పళ్ళెంలా చేసేద్దాం అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అంతకు ముందెప్పుడూ పట్టుకోలేదు.

ఆ సాయంత్రమే సారు మళ్ళీ ఫోను చేశాడు. మీటింగులో తోట గురించి మాట్లాడాల్సింది నువ్వే, నీకంటే బాగా ఎవరు చెప్తారు అన్నాడు. నేను రానన్నాను. రైతు దగ్గర ఉండాలి అన్నాను. ఒక్క పూటేనమ్మా, కలెక్టరుగారిని అక్కడే అడుగు, ఉపాధి కూలీలను ఆ చేలోకి పంపించమని అడుగు, గురువారం పొద్దుటికి ఇరవై మంది దిగుతారు అన్నాడు.

ఆ మాట పట్టుకుని పోయానని చానా మందికి చెప్పాను. మా చర్చి పాస్టరమ్మకి చెప్పాను, మా అన్నకి చెప్పాను. అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఆ మైకు కావాలనిపించింది. ఇరవయ్యేళ్ళు అరుగుల మీద కూర్చుని వాగినదాన్ని, ఒక్కసారి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నా మాట వినాలనిపించింది. చప్పట్లు కావాలనిపించింది. కూలీ మేస్త్రికి ఫోను చేస్తే మనుషులు నారుమళ్ళకి పోయారు, రెండు రోజులు దొరకరు అన్నాడు. అక్కకి ఫోను చేశాను. ఆ గుట్ట పక్కన సిగ్నలు దేవుడి దయ. రెండుసార్లు చేశాను, కలవలేదు. మూడోసారి చెయ్యలేదు.

బుధవారం పొద్దున్నే బస్సెక్కాను. నర్సరావుపేటలో ఏసీ హాలు, ముందు వరసలో నీళ్ళ సీసాలు. తెర మీద మా తోట ఫోటో పడింది, ముసురుకి ముందు తీసింది, ఎర్రటి నేల మీద పచ్చటి వరసలు. నేను బాగా మాట్లాడాను. ఒంటరి ఆడమనిషి ధైర్యం అన్నాను, ఊరంతటికీ దారి చూపింది అన్నాను. చప్పట్లు కొట్టారు. కలెక్టరుగారు లేచి ఇంకో మీటింగుకి పోయారు, నేనడగాల్సింది నోట్లోనే ఉండిపోయింది. నాకు శాలువా కప్పారు. ఆ శాలువా మడిచి సంచి అడుగున పెట్టుకుని సాయంత్రం బస్సెక్కాను.

గురువారం తెల్లవారగానే ఆటో మాట్లాడుకుని పోయాను. గట్టు ఎక్కి చూస్తే మునగ లేదు.

ఎర్రటి దుక్కి. ఈ చివర నుంచి ఆ చివరకి రోటవేటరు కొట్టేశారు. మునగ మొక్కలు, గంజాయి మొలకలు, పెంట, అన్నీ కలిసి మట్టయిపోయాయి. అక్కడక్కడా మునగ కొమ్మ ఒకటి పైకి తేలి వాడిపోయి ఉంది. గట్టు పక్కన మరిది ట్రాక్టరు నిలబడి ఉంది. వేపచెట్టు కింద మరిది, తోటికోడలు, అక్క ఫ్లాస్కులో టీ పోసుకుని తాగుతున్నారు. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. తోటికోడలు లేచి గ్లాసులు సర్దుకుని ట్రాక్టరు వైపు పోయింది.

అక్క నాకెదురు వచ్చింది. ఆవిడ మొహంలో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది.

"నిన్న పదకొండు దాకా దారి చూశా," అంది. "ఆటో చప్పుడైతే రోడ్డు దాకా పరిగెత్తా రెండుసార్లు. నీకేమన్నా అయిందేమోనని ముందు భయపడ్డా. తర్వాత నువ్వు రావని తెలిసింది. ఊరు రాలేదంటే అది ఊరు, చెల్లే. నువ్వు రాలేదంటే ఇంక నాకెవరూ లేరనిపించింది. మరిది గుమ్మంలో పోయి నిలబడ్డా. తప్పయింది, నా పట్టా నిలబెట్టు అన్నా. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని ట్రాక్టరు తీశాడు."

నా గురించి చెప్పాను. మీటింగు సంగతి, మేస్త్రి సంగతి, రెండుసార్లు ఫోను చేసిన సంగతి. శాలువా సంగతి చెప్పలేకపోయాను. అక్క అన్నీ విని, పోనీలే చెల్లే, పట్టా ఉంది, అంది. పట్టా ఉంది నిజమే. ఆ పట్టాలో ఏడాది కష్టం లేదు.

శుక్రవారం డ్రోను తిరిగింది. ఏమీ కనపడలేదు. ఎస్సైగారు దుక్కి చూసి శభాష్ అన్నాడట. మా రిపోర్టులో ఆ పొలం గంజాయి వదిలిన పొలాల జాబితాలోనే ఉంది, అక్షరం తప్పు లేదు. సారు లెటరు ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. అడిగి ఏం చేస్తాం, చేతులు కాలాక ఆకులెందుకు?

రెండు వారాలు ఆ వైపు పోలేదు. పోవాలని ఆటో స్టాండు దాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. గదిలో కూర్చుంటే ఆవిడ పదకొండు దాకా చూసిన దారే కళ్ళ ముందు. ఎంత ఏడ్చినా నా ఏడుపు వినే దిక్కు ఆ గదిలో లేదు, ఉన్న ఒక్క మనిషినీ నేనే చెడగొట్టుకున్నాను. చివరికి నర్సరీ నుంచి నా సొంతంగా మూడొందల మునగ మొక్కలు కొని, ఆటోలో వేసుకుని పోయాను. మళ్ళీ వేద్దామని. ఈసారి ఒక్కరోజు కూడా మానకూడదని ఒట్టు పెట్టుకుని మరీ పోయాను.

చేలో ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. వంగి వరసగా కంది గింజలు వేస్తున్నారు. బదులు జట్టు. తోటికోడలు ఏదో అంటోంది, అక్క నవ్వుతోంది. మోపు ఊడిపోయిన రోజు నవ్విన నవ్వే. నేను ఆటో దగ్గరే నిలబడిపోయాను. ముందు చూసిన ఒకావిడ వంగినది వంగినట్టే ఆగింది. తర్వాత పక్కావిడ. వరస మొత్తం ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆటోలో మొక్కలు చూసింది. ఒక మొక్క ఆకు వేళ్ళతో నిమిరింది.

"మంచి మొక్కలు," అంది.

"వేద్దామక్కా," అన్నాను. "అంచున వేద్దాం. నేను రోజూ వస్తా."

ఆవిడ వెనక్కి తిరిగి వరస వైపు చూసింది. మళ్ళీ నా వైపు తిరిగి, నా ముంజేతి మీద మట్టిచెయ్యి వేసింది.

"చెల్లే, నీ మీద నాకు కోపం లేదు. ఉంటే మొహం మీదే చెప్పేదాన్ని. నిన్ను చూస్తే వాళ్ళకి పోలీసులు గుర్తొస్తారు. నువ్వు రావడం మానేస్తేనే వీళ్ళు నా చేలోకి వస్తారు. నేను వీళ్ళతోనే బతకాలి గదా."

నేను తలూపాను. ఆటోవాడు పోదామా మేడం అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. ఆవిడ ఆటో మలుపు తిరిగిందాకా రోడ్డు మీదే నిలబడి, తర్వాత చేలోకి పోయింది. మొక్కలు కారంపూడి వైపు ఇంకో రైతుకి ఇచ్చేశాను, బాగానే వచ్చాయి.

ఇది జరిగి ఏడాది దాటింది. వేరే ఊళ్ళకి పోతున్నాను, వేరే అరుగుల మీద కూర్చుంటున్నాను, ఇదివరకంత మాట్లాడను. ఆ ఊరి ఆటోలు ఆగే చోటు మీదుగానే రోజూ బస్టాండుకి నడుస్తాను. ఎక్కమని పిలుస్తారు, తెలిసిన మొహాలే. ఎక్కను. ఆవిడ నన్ను అడిగిన పని అదొక్కటే మిగిలింది, అదన్నా సరిగ్గా చేస్తున్నాను.